చెన్నపురిలో రెండిండ్ల వెల

పాలుపంపకముల నాడు ప్రతి కుటుంబమునందును పుట్టు ప్రశ్న యొకటి కలదు: "ఈ రెండిండ్లలో దేని వెల యెక్కువ?" రిజిస్ట్రేషను కచేరీలో గుమాస్తాగా దస్తావేజుల నడుమ జీవితమును గడిపిన నేను ఈ ప్రశ్నను వేలమారులు వింటిని. కాని దీనికి సరియైన సమాధానము నాకు కచేరీలో దొరకలేదు. మా యింటనే దొరకినది. దానిని సోదర కుటుంబములవారికి విన్నవించుటకే ఈ వ్యాసము.

మా తాతగారికి చెన్నపురిలో రెండిండ్లుండెడివి. ఒకటి పెద్దనాయకుని పేటలో, రెండవది త్యాగరాయనగరములో. రెంటికిని తెలుగువారి చరిత్రతో సంబంధము కలదు. ఆ చరిత్ర తెలియనిదే వాని వెలయు తెలియదు.

1639లో దామెర్ల సోదరుల యనుమతితో ఆంగ్లేయులు ఈ తీరమున స్థావర మేర్పరచుకొనిరి. ఆ సోదరుల తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణము వెలసినది. కోటకు ఉత్తరమున, నేడు హైకోర్టున్న తావున, తెలుగు వర్తకులును దుబాసులును నివసించిన తొలి బ్లాక్ టౌను ఉండెడిది. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొనిరి. వారు కొంతయు, వారి పిమ్మట ఆంగ్లేయులు మిగిలినదియు పడగొట్టి, కోటముందు ఖాళీ మైదానము నేర్పరచిరి. నిలువ నీడ కోల్పోయినవారు ముత్యాలపేటకును, పెద్దనాయకుని పేటకును తరలిరి. ఈ పేటలకే 1911లో జార్జి టౌను అను పేరు వచ్చినది. రేవు, కోర్టులు, బ్యాంకులు, కొత్వాల్ చావడి కూరగాయల బజారు, కన్యకాపరమేశ్వరి దేవాలయము, అన్నియు నడిచిపోగల దూరములోనే యుండెను. కావున ఆ వీథులలో అంగుళము స్థలము కూడ విలువైనదే. ఇల్లు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ఇరుప్రక్కల ఉమ్మడి గోడలు. చెన్నపురిలో 2,400 చదరపుటడుగులను ఒక గ్రౌండు అందురు. మా పాత యింటిది అర గ్రౌండు మాత్రమే. క్రింద దుకాణము, పైన కాపురము.

త్యాగరాయనగరము కథ వేరు. 1920వ దశకములో మాంబలము వైపు పెద్ద చెరువును ఎండగట్టి ఆ నగరమును నిర్మించిరి. దానికి జస్టిసు పార్టీ నాయకులు, తెలుగువారు అయిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టిరి. నడుమనున్న ఉద్యానవనమునకు అప్పటి ప్రథమామాత్యులు, వారును తెలుగువారే యైన పానగల్ రాజాగారి పేరు పెట్టిరి. 1931లో బీచి నుండి తాంబరమునకు విద్యుత్ రైలు వచ్చినను, పేటలోని మావారికి అది "ఊరి బయటి చోటు"గానే తోచెను. అచ్చటి మా యింటికి రెండు గ్రౌండుల నేల, కొబ్బరిచెట్లు, నూయి ఉండెను. అద్దె మాత్రము లేదు.

1961లో పంపకము జరిగినది. పాత యింటి దుకాణముపై పన్నులు, మరమ్మతులు పోను ఏటికి 2,000 రూపాయలు మిగులుచుండెను. దానిని ఇరువది యేండ్లకు లెక్కించి 40,000 అనిరి. మాంబలపు నేలకు గ్రౌండు 10,000 చొప్పున 20,000, పాతబడిన కట్టడమునకు 14,000, వెరసి 34,000 అనిరి. పెద్దవారు గనుక మొదట కోరుకొను హక్కు మా పెదతండ్రిగారిది. వారు పేటలోని యింటిని కోరుకొని, సమము చేయుటకు మా తండ్రిగారికి 3,000 రొక్కమిచ్చిరి. అందరును సంతోషించిరి.

తరువాత కాలము తలక్రిందులైనది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము క్రింద పాత కిరాయిదారును ఖాళీ చేయించుట గాని, అద్దె పెంచుట గాని సులభము కాలేదు. 1996లో కూరగాయల బజారు కోయంబేడునకు తరలిపోయినది. మరొక వైపు త్యాగరాయనగరము పట్టుచీరలకును, బంగారమునకును పేరుపొందిన అంగడి అయినది. ఊరి బయటి చోటు ఊరికే నడిబొడ్డయినది. మా తండ్రిగారి అనంతరము ఆ యింటి తావున అపార్టుమెంట్లు లేచినవి.

అప్పుడే మా అన్నగారు, అనగా పెదతండ్రిగారి కుమారులు, నలుగురిలో ననిరి: "నాడు మా నాయనను మోసపుచ్చినారు." మేమును ఊరకుండలేదు, అది మా తండ్రిగారి దూరదృష్టి యని చెప్పుకొంటిమి. పదునైదేండ్లు ఒకరి శుభకార్యమునకు ఒకరము పోలేదు.

నాలుగేండ్ల క్రిందట అన్నగారు కబురు పంపిరి. పాత యింటిని అమ్మవలెనా, ఉంచవలెనా యని వారి పిల్లలు తగవులాడుచున్నారట. "నీవు కచేరీలో పనిచేసినవాడవు, కాగితములు చూచి చెప్పు తమ్ముడూ" అనిరి. పెట్టెలో విభాగ దస్తావేజుతో కూడ తాతగారి చేతివ్రాతలో తెలుగు లెక్క కాగిత మొకటి ఉండెను. అన్నగారు అరవములో చదువుకొన్నవారు. తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. అందుచేత ఇన్నేండ్లును దాని నెవరును చదువలేదు. నేను బిగ్గరగా చదివితిని. పైన చెప్పిన అంకెలన్నియు అందులోనివే.

చదివిన పిదప ఇరువురమును కూర్చుండి లెక్క చూచితిమి. అప్పుడు మూడు సంగతులు తేటపడినవి.

మొదటిది, రెండిండ్ల వెలను ఒకే తేదీన పోల్చవలెను. 1961 నాటి ఒక యింటిని నేటి మరొక యింటితో పోల్చుట న్యాయము గాదు. ఆనాటి లెక్క ఆనాటికి సరియైనదే. రెండవది, నడిమి కాలపు రాబడిని విడువరాదు. పేటలోని దుకాణపు అద్దెతోనే పెదతండ్రిగారు ముగ్గురు పిల్లలను చదివించిరి. మాంబలపు ఇల్లు ఆ యేండ్లన్నియు పన్ను తినెనే కాని పైస ఇయ్యలేదు. మూడవది, కాగితముపై అంకె వేరు, కొనువాడిచ్చు సొమ్ము వేరు. 2017 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వము మార్గదర్శక విలువలను మూడవ వంతు తగ్గించినది. ఆ ఉదయము ఏ యింటి గోడయు కూలలేదు. కిరాయిదారు, ఉమ్మడి గోడ, సంతకము చేయవలసిన వారసుల సంఖ్య, ఇవి యన్నియు లెక్కించిన తరువాత మిగులునదే అసలు వెల.

అన్నగారు చాలసేపు మాటాడలేదు. పిదప "మా నాయన కోరుకొన్నదే గదా" అనిరి. నేనును ఒప్పుకొంటిని: మా తండ్రిగారిది దూరదృష్టి కాదు, అన్నగారు విడిచినదానిని తమ్ముడు పుచ్చుకొనిరి, అంతియే. ఆ మధ్యాహ్నము వారింట భోజనము చేసితిని.

ఇల్లమ్ముట ఇంకను నిశ్చయము కాలేదు. అది వారి పిల్లల యిష్టము. పాఠకులకు నా మనవి యొక్కటే. పంపకము చేయునప్పుడు వెల మాత్రమే వ్రాసి ఊరకుండకుడు. ఆ వెల యెట్లు వచ్చెనో ఆ లెక్కయు వ్రాసి పెట్టుడు. పిల్లలకు నాలుగు తెలుగు అక్షరములు నేర్పుడు. మా యింట ఆ కాగితము చదువగలవాడు లేక పదునైదేండ్ల బంధుత్వము పోయినది. దానికి ఏ కచేరీయు వెల కట్టజాలదు.