విదేశీయుడు నెపం మాత్రమే: ఇంగ్లీష్ కార్నర్ పుట్టుపూర్వోత్తరాలు

కాణిపాకం స్థలపురాణంలో ముగ్గురు అన్నదమ్ములుంటారు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినికిడి లేదు, ఒకరికి మాట లేదు. బావిని లోతు చేస్తుంటే వినాయకుడి విగ్రహం బయటపడిందని, ముగ్గురి లోపాలూ పోయాయని చెబుతారు. మాట లేనివాడికి మాట వచ్చిందని చెప్పుకునే ఈ చిత్తూరు సీమలో ఇవాళ ఇంకోరకం మూగతనం ఉంది. పదేళ్లకు పైగా ఇంగ్లీషు చదివి, పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా ఇంటర్వ్యూలో నాలుగు వాక్యాలు కూడదీసుకోలేక తలవంచుకుంటున్నారు. చైనాలో ఈ జబ్బుకు ‘మూగ ఇంగ్లీషు’ అనే పేరే ఉంది. దానికి అక్కడి జనం తమంతట తాము కనిపెట్టుకున్న మందు ఇంగ్లీష్ కార్నర్. వారానికోసారి పార్కులోనో కాలేజీ ఆవరణలోనో గుమిగూడి, ఫీజూ గురువూ లేకుండా ఇంగ్లీషులో మాట్లాడుకోవడమే ఆ మందు.

దీని పుట్టుక చైనా చరిత్రలోని ఒక మలుపుతో ముడిపడి ఉంది. 1950లలో అక్కడ రష్యన్‌కే పెద్దపీట. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవంలో ఇంగ్లీషు చదవడమే అనుమానించదగ్గ పని అయింది, విదేశీ రేడియో వినడం నేరమైంది. 1977 చివర్లో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలను పునరుద్ధరించారు. 1978 డిసెంబరులో బయటి ప్రపంచానికి తలుపులు తెరిచే విధానం వచ్చింది, 1979 జనవరి 1న అమెరికాతో దౌత్య సంబంధాలు కుదిరాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే షాంఘై పీపుల్స్ పార్కులో ఆదివారాలు ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు చేరడం మొదలైంది. ఆ పార్కు ఒకప్పుడు విదేశీయుల గుర్రప్పందేల మైదానం. తర్వాత ఇతర నగరాలకూ ఈ అలవాటు పాకింది. బీజింగ్ రెన్మిన్ విశ్వవిద్యాలయంలో శుక్రవారం సాయంత్రాల కూడిక దేశమంతా పేరు తెచ్చుకుంది. 1982లో చైనా టీవీలో ప్రసారమైన బీబీసీ ‘ఫాలో మీ’ పాఠాలు కోట్లమందికి చెవి అలవాటు చేశాయి. చెవికి అందింది నోటికి రావాలంటే ఒక చోటు కావాలి కదా. విదేశీయుడితో ఒంటరిగా మాట్లాడితే అనుమానించే కాలంలో పదిమంది కళ్లెదుట మాట్లాడుకునే పార్కే అందరికీ క్షేమం.

పైకి చూస్తే ఇదంతా విదేశీయుడి కోసం జరిగిన ఏర్పాటులా ఉంటుంది. గుంపు తీరు గమనిస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఒక విదేశీయుడు వస్తే అతని చుట్టూ ఇరవై, ముప్ఫై మంది మూగుతారు. ఏ దేశం, చైనా ఎలా ఉంది, మా తిండి నచ్చిందా అని అవే ప్రశ్నలు. ముందు వరసలో ఉన్నవాళ్లకు రెండు మాటలు దక్కుతాయి, వెనకవాళ్లకు వినపడనే వినపడదు. వాళ్లేం చేస్తారు? పక్కవాళ్ల వైపు తిరిగి వాళ్లతోనే ఇంగ్లీషులో మాట కలుపుతారు. విదేశీయుడు ఒక్కడూ రాని వారాల్లో కూడా కూడిక ఆగకపోవడానికి కారణం ఇదే. ఇద్దరు చైనావాళ్లు వీధిలో ఇంగ్లీషులో మాట్లాడుకుంటే గొప్పలకు పోతున్నారంటారు. ఆ మూలలో మాత్రం ఎవరూ ఏమీ అనరు. తప్పుగా మాట్లాడినా పరువు పోని చోటు, అపరిచితుల ముందు నోరు తెరవడానికి ఒక సాకు. ఇంగ్లీష్ కార్నర్ ఇచ్చింది ఈ రెండే, విదేశీయుడు నెపం మాత్రమే.

మన సీమకు విదేశీయులతో కూడికలు కొత్త కాదు. అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ పనిచేశారు. అక్కడ రాత్రి భోజనాలయ్యాక జరిగే పాటల కూటంలోనే 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ పాడారు. దాన్ని అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు, జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాశారు. ఊరు, దేశం, భాష వేరువేరైనవాళ్లు తీరిగ్గా కూర్చుంటే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి అంతకుమించిన సాక్ష్యం అక్కర్లేదు. కానీ అది కళాశాల గోడల మధ్య జరిగిన కూటం, ఊరివాళ్లకు అలవాటు కాలేదు. ఇంగ్లీషు బోధన కోసం 1958లో హైదరాబాదులో కేంద్ర సంస్థే వెలసింది, పాఠ్యపుస్తకాలు మారాయి, స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులు ప్రతి పట్టణంలో వేలాడాయి. ఫీజు, పరీక్ష లేకుండా మాట్లాడుకునే బహిరంగ స్థలం మాత్రం ఏర్పడలేదు.

అయితే అలాంటి స్థలం ఎలా పనిచేస్తుందో కాణిపాకం గుడివీధిలో రోజూ కనబడుతుంది. గరిక, కొబ్బరికాయ అమ్మే ఆమెను వేలూరు నుంచి వచ్చినవాళ్లు ‘ఎవ్వళవు’ అని అడిగితే తమిళంలో ధర చెబుతుంది. వెనకే కోలారువాళ్లు ‘ఎష్టు’ అంటే కన్నడంలో జవాబిస్తుంది. ఏ బడిలోనూ ఆ భాషలు ఆమె చదవలేదు. ఎదుటివాళ్లకు సరుకు కావాలి, ఆమెకు బేరం కావాలి, విభక్తి తప్పిందని ఎవరూ తప్పు పట్టరు. భాష నిలబడింది ఆ మూడింటి మీదే. ఇంగ్లీషుకు మన ఊళ్లో అలాంటి అవసరం సహజంగా రాదు గనుక దాన్ని ఏర్పాటు చేసుకోవాలి. చైనావాళ్లు చేసింది అదే.

దీనికి అభ్యంతరాలున్నాయి. తెలిసినవాడు లేకుండా నేర్చుకునేవాళ్లే మాట్లాడుకుంటే తప్పులు గట్టిపడతాయంటారు. కొంత నిజమే, ఒకే మాతృభాషవాళ్లు ఒకేరకం తప్పులు చేస్తారు. కానీ మాట్లాడేవాడి తప్పును దిద్దొచ్చు, మాట్లాడనివాడిలో దిద్దడానికి ఏముంటుంది? సరైన ఉచ్చారణ వినిపించడానికి అప్పట్లో టీవీ ఉంది, ఇప్పుడు ఫోనుంది. ఆ ఫోనుతోనే మాట్లాడొచ్చు కదా అని రెండో ప్రశ్న. ఫోను ముందు మాట్లాడితే సిగ్గు వేయదు, అందుకే సిగ్గు పోదు కూడా. పోగొట్టుకోవలసింది మనుషుల ముందు కలిగే జంకు. తెలుగు ఏమైపోతుందన్నది మూడోది, అన్నిటికన్నా బరువైనది. తమిళం, కన్నడం మాట్లాడే ఆ గుడివీధి దుకాణదారు తెలుగు ఏమాత్రం చెడలేదు. తెలుగుకు హాని ఇంకో భాష మాట్లాడటంలో లేదు, తెలుగులో చదవడం, రాయడం మానేయడంలో ఉంది. వారానికి గంటసేపు ఇంగ్లీషు కూడిక బడిలో తెలుగు స్థానాన్ని ఆక్రమించదు. పైగా ఇంగ్లీషు కోసం తెలుగు మాధ్యమాన్ని వదలక తప్పదనే వాదన బలం తగ్గుతుంది.

కావలసినవి పెద్ద ఏర్పాట్లేమీ కావు. చిత్తూరులోనో తిరుపతిలోనో ఒక పార్కు, లేదా కాణిపాకంలో సెలవురోజు ఖాళీగా ఉండే బడి ఆవరణ. మారని రోజు, మారని గంట. రుసుము, వేదిక, మార్కులు ఉండకూడదనే నియమం. ఆడపిల్లలు వెలుతురుండగానే ఇళ్లకు చేరేలా వేళ. విదేశీయుడు వస్తే సంతోషం, రాకపోయినా వాయిదా వద్దు. కోచింగ్ ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకు ఈ గంట అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది, వాళ్ల కోసమైనా ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.