ఆరు స్టాంపుల పేజీ

1840 మే 6న బ్రిటన్‌లో పెన్నీ బ్లాక్ స్టాంపు వాడుకలోకి వచ్చింది. ఒక పెన్నీ ఇచ్చి స్టాంపు కొని కవరు మీద అంటిస్తే చాలు, ఉత్తరం దేశంలో ఎక్కడికైనా చేరిపోయేది. ఇంత తేలికైన పద్ధతిలోనూ ఒక చిక్కు మిగిలింది. షీటుకు 240 స్టాంపులు అచ్చయ్యేవి, వాటి మధ్య చిల్లులు ఉండేవి కావు. అడిగినవాళ్లకల్లా గుమాస్తా కత్తెరతో కత్తిరించి ఇవ్వాల్సిందే. కొంచెం చెయ్యి తప్పితే స్టాంపు మీది రాణిగారి బొమ్మ అంచు తెగిపోయేది. మన దేశంలోనూ అదే తంతు. 1854లో కలకత్తా సర్వే కార్యాలయంలో కెప్టెన్ థూయిలియర్ రాతి అచ్చు మీద ముద్రించిన అర్ధణా స్టాంపులకు కూడా చిల్లులు లేవు.

ఈ కత్తెర బాధ తీర్చడానికి 1847లో హెన్రీ ఆర్చర్ అనే ఐర్లండు మనిషి పూనుకున్నాడు. అచ్చుపని ఆయన వృత్తి కాదు, వేల్స్‌లో ఒక చిన్న రైలుమార్గం వ్యవహారాలు చూసుకునేవాడు. ఆయన మొదటి యంత్రం చిన్న చిన్న కత్తులతో స్టాంపుల మధ్య గాట్లు పెట్టేది. ఆ కత్తులు కాగితంతో ఆగక కింద ఉన్న బల్లనూ చెక్కేసేవి. దాన్ని పక్కన పెట్టి, సూదుల్లాంటి మొలలతో గుండ్రటి చిల్లులు పొడిచే యంత్రం చేయించాడు. అప్పుడు మరో తలనొప్పి వచ్చింది. ఆ రోజుల్లో కాగితాన్ని తడిపి అచ్చు వేసేవారు. ఆరాక అది ఒక్కో షీటులో ఒక్కో తీరుగా ముడుచుకునేది. దాంతో మొలలు ఖాళీ జాగాలో పడక స్టాంపు మీదే పడేవి.

ఆర్చర్ వదల్లేదు. యంత్రానికి ప్రభుత్వం మొదట ఇస్తానన్న కొద్దిపాటి సొమ్ము ఆయనకు నచ్చలేదు. వ్యవహారం పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. చివరికి 1853లో ప్రభుత్వం 4,000 పౌండ్లకు ఆ యంత్రం హక్కులు కొన్నది. 1854 నుంచి చిల్లుల స్టాంపులు జనానికి అందాయి. ఇక కత్తెరతో పని లేదు, చేత్తో తుంచుకుంటే సరి.

తుంచుకోవడం తేలికయ్యాక దాచుకోవడం కష్టమైంది. ప్రతి ఉత్తరానికీ పోస్టాఫీసుకు పోలేక జనం నాలుగు స్టాంపులు ఎక్కువ కొని జేబులో వేసుకునేవారు. చెమట తగిలితే వెనక జిగురు కరిగి అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయేవి. వానాకాలంలో కోస్తా ఊళ్లలో ఇది మామూలే. రాయలసీమలోని కదిరి లాంటి మెట్టప్రాంతంలో సంగతి తిరగబడుతుంది. ఎండాకాలం పొడిగాలికి జిగురు బిగుసుకుని స్టాంపు చుట్టలా ముడుచుకుంటుంది.

దీనికి విరుగుడు మొదట తట్టింది తపాలా శాఖలకు కాదు, టెలిగ్రాఫ్ కంపెనీలకు. 1870లో కాలిఫోర్నియాలో ఒక కంపెనీ తన టెలిగ్రాఫ్ స్టాంపులను చిన్న పుస్తకంగా చేసి ఇచ్చింది. 1884లో బోస్టన్ వాసి ఎ. డబ్ల్యు. కుక్ తపాలా స్టాంపుల పుస్తకానికి పేటెంటు కూడా తీసుకున్నాడు. అయినా ఏళ్లు గడిచాయి. ఆ ఆలోచనను ముందుగా పనిలో పెట్టిన తపాలా శాఖ పెద్ద రాజ్యాలదేమీ కాదు, 1895లో చిన్న దేశమైన లక్సెంబర్గ్ మొదటి బుక్‌లెట్లు విడుదల చేసింది.

అమెరికా 1900 ఏప్రిల్ 16న రంగంలోకి దిగింది. పేజీకి ఆరు స్టాంపులు, అంటే ఒక పేన్. పేన్‌కూ పేన్‌కూ మధ్య మైనం పూసిన పలచటి కాగితం, పైన అట్ట. జిగురు కథకు ఆ మైనం కాగితం అలా ముగింపు పలికింది. పుస్తకం చేసిన ఖర్చుకు ఒక సెంటు అదనం. రెండు సెంట్ల స్టాంపులు 12 ఉన్న పుస్తకం 25 సెంట్లు, 24 ఉన్నది 49, 48 ఉన్నది 97.

ఈ అదనపు సొమ్ము దగ్గర బ్రిటన్ తడబడింది. 1904 మార్చిలో 24 పెన్నీ స్టాంపుల పుస్తకాన్ని రెండు షిల్లింగుల అర పెన్నీకి అమ్మింది. ఆ అర పెన్నీ చిల్లర అందరికీ చికాకే. 1906లో ఒక ఉపాయం దొరికింది. పుస్తకం ధర సరిగ్గా రెండు షిల్లింగులు. లోపల పెన్నీవి 12, అర పెన్నీవి 23. ఇరవై నాలుగో స్టాంపు ఉండాల్సిన చోట అడ్డగీతల గుర్తు అచ్చు వేశారు. అర పెన్నీ వసూలైంది, చిల్లర గొడవ పోయింది. కుట్టుకు ఎడమ అంచు కావాలి గనుక షీటులో సగం పేన్లను తలకిందులుగా అమర్చారు. దాంతో సగం స్టాంపుల్లో కాగితంలోని నీటిగుర్తు (వాటర్‌మార్కు) తిరగబడింది. అచ్చుపని అవసరం కోసం చేసిన ఈ సర్దుబాటే సేకర్తలకు వెతుకులాటగా మారింది.

అదే 1904లో మన దేశానికీ బుక్‌లెట్ వచ్చింది. ఎడ్వర్డు చక్రవర్తి బొమ్మ ఉన్న అర్ధణా స్టాంపులు 24, లేదా అణా స్టాంపులు 12. దేన్ని కొన్నా ధర 12¼ అణాలు.  కదిరి లాంటి కరువు సీమలో రైతుకు పుస్తకం ఖర్చు కింద పోయే ఆ పావు అణా చిన్న మొత్తం కాదు. అప్పట్లో పావు అణాకు ఒక కార్డు వచ్చేది. పుస్తకం కొనే బదులు స్టాంపులు విడిగా తీసుకుంటే, మిగిలిన కానీతో మరో ఊరి చుట్టాలకు కార్డు ముక్క రాయొచ్చు. ఇలాంటి పుస్తకం రోజూ ఉత్తరాలు రాసే వకీళ్లకు, షావుకార్లకు, దొరలకు నప్పేది.

కదిరికి స్టాంపులతో మరో సంబంధమూ ఉంది. దగ్గర్లోని కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆయన పేరున 1972 అక్టోబరులో తపాలా శాఖ 20 పైసల స్టాంపు తెచ్చింది. ఈ ప్రాంతంలో స్టాంపులు పోగు చేయాలనుకునే పిల్లలు మొదలుపెట్టడానికి అంతకన్నా తగినది ఉండదు. ఆ స్టాంపుకు నాలుగు వైపులా చిల్లుల పళ్లు కనిపిస్తాయి. పాత అమెరికా బుక్‌లెట్ స్టాంపు పక్కన పెట్టి చూస్తే ఒకటి రెండు అంచులు నున్నగా తెగి ఉంటాయి. పేన్‌లో అది ఏ మూల నుంచి వచ్చిందో ఆ అంచులే చెబుతాయి.

బుక్‌లెట్ ఎంత బాగా ఉపయోగపడితే అంత త్వరగా మాయమైంది. కొన్నవాళ్లు స్టాంపులు తుంచి ఉత్తరాలకు అంటించి, ఖాళీ అట్టను పారేశారు. ఇప్పుడు సేకర్తలు ఎంతో డబ్బు పోసి కొంటున్నవి ఎవరో సొరుగులో పెట్టి మరిచిపోయిన పుస్తకాలు. కాబట్టి తాతల నాటి ట్రంకుపెట్టెలో ఎప్పుడైనా అట్టతో సహా ఒక స్టాంపుల పుస్తకం కనబడితే, ఒక్క స్టాంపునైనా తుంచకండి. పేన్, మైనం కాగితం, పిన్ను, అట్ట అన్నీ కలిసి ఉన్నప్పుడే దాని విలువ.