సున్నం లేని సున్నం
ఫిల్మ్‌నగర్‌లో మిత్రుడి ఇంటికి రంగులు వేస్తున్నారు. "సున్నం ఆఫ్‌వైట్‌లో వేయిస్తే కళగా ఉంటుంది సార్" అన్నాడు మేస్త్రీ. డబ్బాలో ఉన్నది ఎమల్షన్, సున్నం కాదు. అయినా మాట నిలిచింది. సంస్కృత చూర్ణం ప్రాకృతంలో చుణ్ణమై, తెలుగులో సున్నమైంది. హిందీ చూనాదీ అదే పుట్టుక. చూర్ణానికి మొదటి అర్థం పొడి, తెలుపుతో పని లేదు. (సున్నా వచ్చింది శూన్యం నుంచి, రెంటికీ చుట్టరికం లేదు.) తెలుపును మోసే అచ్చతెలుగు మాట వెల్ల. వెన్నెల, వెండి, వెల్లుల్లి ఆ కుదురువే. 'వెల్ల వేయడం' అనే చక్కటి మాట వాడుకలో తగ్గిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. మా అమ్మమ్మ వెల్లలో చిటికెడు నీలిమందు కలిపించేది, పసుపు ఛాయ కనబడకూడదని. ఇప్పుడా ఛాయనే కోరి తెచ్చుకుంటున్నాం, మీగడ రంగనీ దంతపు రంగనీ. కారణం ఉంది. జూబ్లీహిల్స్ మేడల పెద్ద కిటికీల్లోంచి ఎండ పడితే అచ్చ తెలుపు గోడ కళ్లలో గుచ్చుకుంటుంది. సినిమావాళ్లకిది పాత పాఠమే: కెమెరా ముందు మరీ మెరవకుండా తెల్లచొక్కాను టీ డికాక్షన్‌లో ముంచి ఆరేస్తారు. అయితే ఆఫ్‌వైట్ అంటే ఒక్క రంగు కాదు. ఉత్తరపు గదిలో బూడిదబారినట్టుండేదే పడమటి గదిలో సాయంత్రానికి పచ్చబడుతుంది. గోడమీద రెండడుగుల మేర రెండు కోట్లు వేయించి, పొద్దున, సాయంత్రం, రాత్రి లైటు కింద చూశాకే ఖాయం చేయండి. అడిగేటప్పుడు మీగడ రంగు అనండి. మేస్త్రీకి ఇట్టే తెలుస్తుంది.