అడిగేవాడు ఎవరి మనిషి?

1936లో కొన్ని నెలలపాటు నాగపూర్‌లోని గవర్నర్ కుర్చీలో ఒక తెలుగాయన కూర్చున్నారు. పేరు ఈ. రాఘవేంద్రరావు, ఊరు బిలాస్‌పూర్, చదువు బారిస్టరీ. సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్‌కు ఆయన తాత్కాలిక గవర్నర్. బ్రిటిష్ పాలనలో అంతవరకు ఆ మెట్టు ఎక్కిన భారతీయులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి జూలై దాకా అదే రాష్ట్రానికి ఆయన ప్రధానమంత్రి కూడా అయ్యారు. ఇవాళ తెలుగునాట ఆ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు అరుదు. బిలాస్‌పూర్‌లో మాత్రం ఆయన పేరుతో ఒక సభా భవనం ఉంది. అందులో సమావేశాలు జరుగుతుంటాయి, ఆయనెవరో తెలియకుండానే జనం వచ్చి వెళ్తుంటారు.

రాఘవేంద్రరావు 1889లో నాగపూర్ పక్కనున్న కామ్టీలో పుట్టారు. అప్పటికి రెండేళ్ల కిందటే, 1887లో, బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ మొదలైంది. 1891కల్లా నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా పట్టాలు పడ్డాయి, బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. జంక్షన్ చుట్టూ లోకోషెడ్డు, కాలనీలు, క్లబ్బు, ఆసుపత్రి వచ్చాయి. వాటితోపాటే కోర్టు పనీ పెరిగింది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ లైను 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ ఇంకా దగ్గరైంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఆ వైపు నుంచి వచ్చినవే.

లండన్‌లో బారిస్టరై తిరిగొచ్చిన రాఘవేంద్రరావు బిలాస్‌పూర్‌లో ప్రాక్టీసు పెట్టి, పురపాలక సంఘానికి అధ్యక్షుడై, స్వరాజ్య పార్టీ నాయకుడిగా శాసనమండలికి వెళ్లారు. సర్కారును ప్రశ్నలతో ఇరుకున పెట్టడం ఆ పార్టీ పని. తర్వాత ఆయన మంత్రి పదవి తీసుకున్నారు. 1930లో గవర్నర్ కార్యవర్గంలో హోం మెంబరయ్యారు. అంటే పోలీసు శాఖ వంటి బాధ్యతలున్న పదవి. అది జంగల్ సత్యాగ్రహాల ఏడాది. గడ్డి కోసి అటవీ చట్టాన్ని ధిక్కరించిన ఆదివాసులపై ఆ అక్టోబర్ 9న సియోనీ జిల్లా తురియాలో పోలీసులు కాల్చారు. ముగ్గురు స్త్రీలు, ఒక పురుషుడు చనిపోయారు. అడగడంలో ఆరితేరిన న్యాయవాది అధికారంలోకి వెళ్లాక జవాబు చెప్పాల్సినవాడవుతాడు, ఆయన బల్లకు ఇవతల అడిగేవాళ్లు ఉండరు. రాఘవేంద్రరావు ఒక్కరినే తప్పుపట్టడానికి లేదు. ఆ ఏర్పాటే అలాంటిది.

ఆ ఏర్పాటుకు పునాది 1861 పోలీసు చట్టం. 1857 తిరుగుబాటు వేడి చల్లారకముందే తయారైన ఆ చట్టంలో పోలీసు ప్రభుత్వానికి జవాబుదారీ, ప్రజలకు కాదు. నలభై ఏళ్లు గడిచాక కర్జన్ ఒక పోలీసు కమిషన్ వేశాడు. దాని అధ్యక్షుడు ఆండ్రూ ఫ్రేజర్ అంతకుముందే సెంట్రల్ ప్రావిన్సెస్‌కు చీఫ్ కమిషనర్‌గా చేసినవాడు, బిలాస్‌పూర్ ఆయన పాలించిన జిల్లాల్లో ఒకటి. 1902-03లో ఊరూరా సాక్ష్యాలు విని ఆ కమిషన్ రాసిన మాటలు కటువుగానే ఉన్నాయి: పోలీసు యంత్రాంగం అసమర్థం, అవినీతిమయం, జనానికి దాని మీద నమ్మకం లేదు. సిఫార్సుల్లో సర్కారుకు అక్కరకొచ్చినవి, నేర పరిశోధన విభాగాల ఏర్పాటులాంటివి, త్వరగానే అమలయ్యాయి. పోలీసును బయటినుంచి ఎవరు ప్రశ్నించాలన్న ముక్క మాత్రం ఇంకో శతాబ్దం ఆగింది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టమంది. మరుసటి ఏడాదే ఛత్తీస్‌గఢ్ తన సొంత పోలీసు చట్టం చేసుకుంది.

అదే రైల్వే లైను మీద ఇంకో తెలుగు బారిస్టరు కథ కూడా నడిచింది. బరంపురానికి చెందిన వి.వి. గిరి లా చదివింది లండన్‌లో కాదు, డబ్లిన్‌లో. 1916 వేసవిలో ఐరిష్ బార్‌లో పేరు నమోదైంది, అదే వేసవిలో దేశం విడిచిపొమ్మని నోటీసు కూడా అందింది. అప్పటికి ఈస్టర్ తిరుగుబాటు అణగిపోయి రెండు నెలలైనా కాలేదు. ఆ తిరుగుబాటు రోజుల్లో ఫ్రాన్సిస్ షీహీ స్కెఫింగ్టన్ అనే పాత్రికేయుణ్ణి విచారణ లేకుండా ఒక సైనికాధికారి కాల్పించాడు. గొడవ లేవడంతో ఆగస్టులో బహిరంగ విచారణ పెట్టాల్సి వచ్చింది. అధ్యక్షత వహించింది సర్ జాన్ సైమన్. పన్నెండేళ్ల తర్వాత మనవాళ్లు నల్లజెండాలతో వెనక్కి పొమ్మన్న సైమనే. మార్షల్ లా ఉన్నంతమాత్రాన విచారణ లేకుండా మనిషిని కాల్చే హక్కు ఎవరికీ రాదని ఆయన తేల్చాడు. కాల్పించిన అధికారిని సైనిక న్యాయస్థానం అంతకుముందే మతిస్థిమితం లేనివాడిగా తీర్మానించింది. నివేదిక బలంగా ఉండి, శిక్ష పలచగా ఉండటం అక్కడే చూశాం.

గిరి తిరిగొచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టుకున్నారు, కానీ పేరు తెచ్చింది కోర్టు కాదు, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘం. 1927లో ఖరగ్‌పూర్ కేంద్రంగా సమ్మె జరిగింది, కాల్పులు జరిగాయి, ఆపైన వందలాది మందిని పనిలోంచి తీసేసే వివాదం లేచింది. ఇలాంటి గొడవలన్నీ చూశాకే 1929 కార్మిక వివాదాల చట్టంలో ‘కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ’ అనే ఏర్పాటు చేరింది. విచారణ అనే పనిముట్టు హత్యలకూ అల్లర్లకూ మాత్రమే కాదు, ఉద్యోగం పోయిన ఫిట్టరుకూ పనికొస్తుందని ఒప్పుకున్న మొదటి చట్టాల్లో అదొకటి.

ఇక మామూలు మనిషి చావు సంగతి. లండన్‌లో అనుమానాస్పద మరణం జరిగితే కరోనర్ కోర్టు కూర్చుంటుంది. చనిపోయినవాడి తల్లి తరఫున బారిస్టరు లేచి పోలీసు అధికారికి అడ్డు ప్రశ్నలు వేయగలడు. మన దేశంలో ఆ పద్ధతి కలకత్తా, బొంబాయి లాంటి ప్రెసిడెన్సీ నగరాల గుమ్మం దాటి లోపలికి రాలేదు. బొంబాయిలో 1999 దాకా ఉండి, అదీ పోయింది. బిలాస్‌పూర్‌లో అయినా శ్రీకాకుళంలో అయినా శవం దగ్గరికి వచ్చేది ఠాణా నుంచే. ఛత్తీస్‌గఢ్ ఠాణాల్లో ‘మర్గ్’ రాస్తారు, అంటే అసహజ మరణం నమోదు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు కబురు పంపి, ఊరి పెద్దమనుషులు ఇద్దరిని పిలిచి, గాయాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ ఆయుధంతో అయి ఉండవచ్చు అన్నది పంచనామాలో రాసి సంతకాలు పెట్టిస్తారు. పాత నేర స్మృతిలో 174వ సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 194. ఆ కాగితంలో లేని గాయాన్ని తర్వాత ఏ బారిస్టరు వచ్చినా రుజువు చేయడం కష్టం.

చంపింది పోలీసులే అన్న ఆరోపణ వచ్చినప్పుడు ఈ పద్ధతి చిక్కు బయటపడుతుంది. శవం మీద గాయాలు రాసేదీ వాళ్లే. 2005లో పార్లమెంటు ఈ చిక్కు కొంత విప్పింది. కస్టడీలో మరణిస్తే జుడీషియల్ మేజిస్ట్రేటే విచారణ చేయాలంది. ఎన్‌కౌంటర్ అన్న మాట వాడితే మాత్రం ఆ తలుపు మూసుకునే ఉంటుంది. మనిషి కస్టడీలో లేడు కదా!

విచిత్రంగా, ఈ చిక్కుకు జవాబు రైల్వేలో ఎప్పుడో దొరికింది. రైలు ప్రమాదాలను మొదట్లో రైల్వే బోర్డు కింద పనిచేసే ఇన్‌స్పెక్టర్లే దర్యాప్తు చేసేవాళ్లు. బండి నడిపేవాడే బండి ఎందుకు పడిందో చెప్పడం సబబు కాదని తేలాక, 1941 మేలో ఆ తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డు నుంచి విడదీసి తంతి తపాలా, విమానయాన శాఖ కిందకు మార్చారు. 1961లో దాని పేరు రైల్వే భద్రతా కమిషన్ అయింది. ఇప్పటికీ అది రైల్వే మంత్రిత్వ శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద ఉంది. ప్రాణనష్టం జరిగితే కమిషనర్ వస్తాడు, తెలిసిన విషయం చెప్పదలచినవాళ్లు రావచ్చని పత్రికల్లో ప్రకటన ఇస్తారు.

1997 సెప్టెంబర్ 14న అహ్మదాబాద్-హౌరా ఎక్స్‌ప్రెస్ పెట్టెలు ఐదు చాంపా దగ్గర వంతెన మీద నుంచి నదిలో పడి 81 మంది చనిపోయారు. అప్పటికది బిలాస్‌పూర్ జిల్లా. 2025 నవంబర్ 4న బిలాస్‌పూర్ చేరబోతున్న మెము రైలు ముందున్న గూడ్సును ఢీకొన్నప్పుడూ దర్యాప్తుకు దిగింది భద్రతా కమిషనరే. ఇందులోనూ లోపం లేకపోలేదు. కమిషనర్లు వచ్చేది రైల్వే సర్వీసుల నుంచే. అయినా జీతం ఇచ్చే శాఖ వేరు, నివేదిక వెళ్లే దారి వేరు. పోలీసు కాల్పుల విషయంలో అంత దూరం కూడా ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు.

2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. రాజధాని రాయ్‌పూర్‌కు వెళ్తే, హైకోర్టు బిలాస్‌పూర్‌కు దక్కింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోను కేంద్రం కూడా ఇక్కడికే వచ్చింది. అంటే రైళ్ల దస్త్రాలు, బస్తర్ కేసుల దస్త్రాలు ఒకే ఊళ్లో పోగవడం మొదలైంది. హైకోర్టులో కార్మికుల, ఆదివాసుల కేసులు పట్టిన లాయర్లలో సుధా భరద్వాజ్ పేరు దేశమంతా తెలిసింది. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ నాయకుడు డాక్టర్ వినాయక్ సేన్‌ను 2007 మే 14న అరెస్టు చేసింది కూడా బిలాస్‌పూర్‌లోనే. అప్పుడు ఆ పీయూసీఎల్‌కు జాతీయాధ్యక్షుడు హైదరాబాద్ న్యాయవాది కె.జి. కన్నబిరాన్.

కన్నబిరాన్‌కు ఈ దారి కొత్త కాదు. ఎమర్జెన్సీ కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద 1977లో తార్కుండే కమిటీ నిజనిర్ధారణ చేసినప్పుడు ఆయన అందులో ఉన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ భార్గవ కమిషన్ ముందు పోలీసు సాక్షులకు అడ్డు ప్రశ్నలు వేశారు. విచారణ వేడెక్కాక తలుపులు మూసి జరపాలన్నారు, పౌరహక్కుల పక్షం తప్పుకుంది. అయితే ఆ ప్రశ్న చావలేదు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాల్సిందే, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందే అంది. ఆ తీర్పు సుప్రీంకోర్టులో ఆగింది. 2014లో సుప్రీంకోర్టే పీయూసీఎల్ కేసులో ఎన్‌కౌంటర్ల దర్యాప్తుకు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది.

కమిషన్ల పని 1952 చట్టం ప్రకారం జరుగుతుంది. సమన్లు పంపవచ్చు, సాక్షి చేత ప్రమాణం చేయించవచ్చు, శిక్ష వేయకూడదు. తన పేరు చెడే ప్రమాదం ఉన్నవాడికి కమిషన్ ముందుగా చెప్పాలని, లాయరు ద్వారా అడ్డు ప్రశ్నలు వేసే హక్కు ఇవ్వాలని 1971 సవరణ చెప్పింది. ఆరు నెలల్లోగా నివేదికను, దాని మీద ఏం చేశారో చెప్పే పత్రాన్ని చట్టసభలో పెట్టాలని కూడా అదే సవరణ అంది. విచారణల్లో వాదించే బారిస్టరుకు ఈ రెండే ఆయుధాలు.

2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సర్కేగూడలో 17 మంది చనిపోయారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులు అన్నాయి బలగాలు. విత్తనాల పండగ గురించి మాట్లాడుకోడానికి కూర్చున్నాం అన్నారు ఊరివాళ్లు. జస్టిస్ వి.కె. అగర్వాల్ ఏకసభ్య కమిషన్ ముందు గోండీ మాట్లాడే సాక్షులను దుబాసీల ద్వారా ప్రశ్నించారు. ఊరివైపు నుంచి కాల్పులు జరిగాయనడానికి రుజువు లేదని, చనిపోయినవాళ్లు మావోయిస్టులని తేలలేదని నివేదిక తేల్చింది. సభ ముందుకు అది వచ్చేసరికి 2019 డిసెంబర్. ఏడేళ్లు! 2013 మేలో ఎడస్‌మెట్టలో చనిపోయిన ఎనిమిది మంది గ్రామస్తుల మీద అదే న్యాయమూర్తి ఇచ్చిన నివేదిక సభకు చేరింది 2022లో. బలగాలు భయంతో కాల్చి ఉండవచ్చని అందులో ఉంది.

బిలాస్‌పూర్ ఊరి పొలిమేరలోనే ఇంకో విచారణ జరిగింది. 2014 నవంబర్ 8న పెండారీ శిబిరంలో ఒక్క పూటలో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ వారంలో జిల్లా శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 13 మంది చనిపోయారు. అనితా ఝా కమిషన్ విచారణ జరిపింది. అయితే అసలు మార్పు తెచ్చింది వేరే కేసు. దేవికా బిశ్వాస్ పిటిషన్‌పై 2016లో జస్టిస్ లోకూర్ ఉన్న ధర్మాసనం మూడేళ్లలో శిబిరాల పద్ధతినే మాన్పించమని ఆదేశించింది. కమిషన్ చావుకు కారణం వెతికింది, కోర్టు ఆ పద్ధతినే ఆపమంది. రెండింటికీ తేడా ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ ఈ జిల్లాలో లేదు.

బస్తర్‌లోని ఝీరం లోయ కథ ఇంకా సాగుతూనే ఉంది. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్‌పై మావోయిస్టులు దాడి చేశారు. గాయపడి తర్వాత చనిపోయిన వి.సి. శుక్లా, మధ్యప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి రవిశంకర్ శుక్లా కొడుకు. విచారణ బాధ్యత ఛత్తీస్‌గఢ్ హైకోర్టు న్యాయమూర్తి ప్రశాంత్ కుమార్ మిశ్రాకు ఇచ్చారు. ఎనిమిదేళ్లు పట్టింది. ఆయన 2021 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా అమరావతికి వచ్చారు, నవంబర్‌లో నివేదిక నేరుగా గవర్నర్ చేతికి చేరింది. ప్రభుత్వానికి ఇవ్వాల్సింది గవర్నర్‌కు ఎందుకిచ్చారని అధికార పక్షం అడిగింది. వచ్చిన నివేదిక సభలో పెట్టకుండా ఇద్దరు కొత్త సభ్యులతో కమిషన్‌ను పొడిగించడం ఏమిటని ప్రతిపక్షం బిలాస్‌పూర్ హైకోర్టు మెట్లెక్కింది. 2022లో హైకోర్టు కొత్త కమిషన్ పనికి స్టే ఇచ్చింది.