బొటనవేలికి ముప్పై శాతం

కడప నుంచి రైల్లో పోతే కమలాపురం తర్వాత వచ్చే స్టేషన్ ఎర్రగుంట్ల. ఆ చుట్టుపక్కల నేల కింద పొరలు పొరలుగా ఉన్న సున్నపురాయిని జనం నాపరాయి అంటారు. ఊరు దాటి అంగడికి చేరాక అదే కడప బండ. పొర విడదీయడానికి సమ్మెట, ఉలి, గడ్డపార చాలు. అయితే కూలీ వేళ్లు రోజంతా రాతికీ ఇనుముకూ మధ్యే ఉంటాయి.

ఆ వేళ్లు పోతే యజమాని డబ్బు కట్టాలని మన దేశంలో మొదట చెప్పింది 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం. అంతకు ముందు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఒకటుండేది. దాని కింద చనిపోయినవాడి కుటుంబం కోర్టుకెక్కి యజమానిదే తప్పని రుజువు చేయాలి. కూలి కుటుంబానికి ఆ స్తోమత ఎక్కడిది? తప్పెవరిదన్న ప్రశ్నను ఇంగ్లండు 1897లోనే పక్కన పెట్టింది. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సిందే. ఆ సూత్రం ఇక్కడ 1924 జులై 1న అమల్లోకి వచ్చింది. అప్పుడు కమలాపురం తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ప్రాణానికి చట్టం కట్టిన గరిష్ఠ విలువ ముప్పై నెలల జీతం లేదా 2,500 రూపాయలు, వాటిలో ఏది తక్కువైతే అది.

ఆ చట్టానికున్న మొదటి షెడ్యూలు చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇటీవలి లెక్క ప్రకారం బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలికి 14, నడిమివేలికి 12, ఉంగరపువేలికో చిటికెనవేలికో 7. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. చనిపోతే నెలజీతంలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన అంకెతో గుణించాలి. ముప్పై అయిదేళ్లవాడికి ఆ అంకె 197.06. 2020లో జీతం పరిమితిని 15,000కు పెంచాక ఆ వయసువాడి కుటుంబానికి రావలసింది 14,77,950 రూపాయలు.

కాగితం మీద లెక్క ఇంత స్పష్టంగా ఉంది. చిక్కంతా కూలీ ఎవరి దగ్గర పనిచేశాడన్న దగ్గరే. మేస్త్రీ పిలుస్తాడు, చేతికి డబ్బిస్తాడు. మస్టరులో పేరుండదు. మేస్త్రీ పెట్టుకున్న మనిషికైనా అసలు యజమానే బాధ్యుడని 1923 చట్టంలోని పన్నెండో సెక్షన్ చెప్పేది. కానీ రెండేళ్లలోపు పరిహారం తేల్చే కమిషనర్ దగ్గరికి పోయి అడగాలంటే చేతిలో ఏదో ఒక ఆధారం కావలసి వచ్చేది కదా.

పైగా 2025 నవంబరు దాకా గనులకు ఈ మినహాయింపులుండేవి. తవ్వకం ఆరు మీటర్లు మించక, రోజుకు యాభై మంది దాటక, పేలుడు పదార్థాలు వాడకపోతే, సున్నపురాయి, భవనాల రాయి తవ్వేచోట 1952 గనుల చట్టంలోని చాలా నిబంధనలు వర్తించేవి కావు. గనుల చట్టం కిందికి వచ్చే గనిని 1948 ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం ఫ్యాక్టరీగా లెక్కించేది కాదు. ఆ బండకే పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పదిమంది ఉంటే, ఈఎస్‌ఐ అమలయ్యే ప్రాంతమైతే, వాళ్లకు ఆస్పత్రి ఉండేది. రాయిని నేలలోంచి లేపినవాడికి అది ఉండేది కాదు. ఇంత అన్యాయమైన గీత మరొకటి కనపడదు.

2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాయి గనిలో జిలెటిన్ స్టిక్స్ పేలి పదిమంది పోయారు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం పది లక్షల చొప్పున ప్రకటించింది. అలాంటి సాయం అవసరమే. అయితే అది ప్రభుత్వం దయతో ఇచ్చేది. యజమాని నుంచి రావలసిన పరిహారం హక్కు, ఒకటి అందిందని రెండోదాన్ని వదులుకోనక్కర్లేదు.

2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పనికి వస్తూ పోతూ దారిలో జరిగిన ప్రమాదానికి కూడా, ఉద్యోగంతో సంబంధం తేలితే, పరిహారం దక్కుతుంది. వృత్తి భద్రతా కోడ్ ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలంటోంది. నాపరాళ్ల గనిలో మేస్త్రీ వెంట వచ్చిన కూలీ చేతికి ఆ పత్రం చేరుతోందా లేదా అన్నది కార్మిక శాఖ గని గట్టు దాకా పోయి చూడాలి.