అసలు అలాగే ఉండిపోయిన అప్పు: బ్రిటన్‌లో ఇంటి తనఖాల చరిత్ర

రహన్ అన్నా, తాకట్టు అన్నా, తనఖా అన్నా మన ఇళ్ళలో తెలియని వారుండరు. పెళ్ళికో, చదువుకో, వైద్యానికో ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడం, ఏడాది తిరిగేసరికి వడ్డీ మాత్రం కట్టి కాగితం తిరగరాయించుకు రావడం మనం చూస్తున్నదే. తిరిగి వచ్చేటప్పుడు మనసు తేలికగానే ఉంటుంది, గడువు గడిచింది గదా! కాని అసలు ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంటుంది. ఈ తిరగరాత పద్ధతినే ఇళ్ళ మీద, పాతికేళ్ళ గడువుతో, చట్టబద్ధంగా లక్షలాది కుటుంబాల చేత చేయించిన దేశం ఒకటున్నది. అది బ్రిటన్. మన ఊళ్ళ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన వారిలోనూ ఈ అప్పు చేసినవారున్నారు. కనుక దాని చరిత్రను ఈ సంచికలో పాఠకుల ముందు పెట్టదలచాము.

మొదట్లో అక్కడ పద్ధతి ఇది కాదు. 1775 ప్రాంతంలో బర్మింగ్‌హామ్ పట్టణంలో కెట్లీ అనే సత్రం యజమాని దగ్గర చేతిపనుల వారు, చిల్లర వర్తకులు కొందరు కూడి ఒక గృహనిర్మాణ సంఘం పెట్టుకున్నారు. బిల్డింగ్ సొసైటీలలో మనకు తెలిసినంతలో మొట్టమొదటిది అదే. అందరూ నెలనెలా ఇంత అని వేసుకునేవారు. పోగైన సొమ్ముతో ఒకరి తరువాత ఒకరికి ఇల్లు. అందరికీ ఇళ్ళు సమకూరగానే లెక్కలు చూసుకుని సంఘాన్ని మూసివేసేవారు. మన చీటీల వ్యవహారానికి దగ్గర చుట్టమన్నమాట. 1840ల తరువాత మూసివేయనక్కరలేని శాశ్వత సంఘాలు వచ్చాయి. వాటిలోనూ సాధారణంగా కిస్తీలో కొంత వడ్డీకి, కొంత అసలుకు పోయేది. చివరి కిస్తీతో ఇల్లు సొంతమయ్యేది.

ఈ పద్ధతిని పక్కకు నెట్టినది ఎండోమెంట్ తనఖా. మన దగ్గర ఎండోమెంట్ అంటే దేవాదాయ శాఖ గుర్తుకొస్తుంది గాని, ఇది బీమా పాలసీ పేరు. అప్పిచ్చిన వారికి నెలనెలా వడ్డీ మాత్రమే కట్టాలి. బీమా కంపెనీకి వేరుగా ప్రీమియం కట్టాలి. కంపెనీ ఆ సొమ్మును షేర్లలో, ఆస్తులలో పెట్టి పెంచుతుంది. పాతికేళ్ళకు పాలసీ పండి, ఆ డబ్బుతో అసలు ఒక్కసారే తీరుతుంది. పైగా ఇంకా కొంత మిగులుతుందని ఏజెంట్లు చెప్పేవారు. ఒక మేలు మాత్రం నిజంగానే ఉండేది: మధ్యలో ఇంటి యజమాని మరణిస్తే బీమా సొమ్ముతో అప్పు పూర్తిగా తీరిపోయేది.

సర్కారు వారి పన్ను రాయితీ కూడా ఇటే మొగ్గింది. 1983 నుంచి 30 వేల పౌండ్ల వరకు అప్పు మీది వడ్డీకి కిస్తీలోనే పన్ను తగ్గించేవారు. అసలు తీర్చుకుంటూ పోతే వడ్డీ తగ్గి రాయితీ కూడా తగ్గుతుంది. అసలు కదలకుండా ఉంటే రాయితీ నిండుగా ఉంటుంది. బీమా ప్రీమియం మీద ఉన్న రాయితీని 1984లో కొత్త పాలసీలకు ఎత్తేశారు. అయినా అమ్మకాలు తగ్గలేదు సరిగదా, 1980ల చివరికి కొత్త తనఖాలలో పదింట ఎనిమిది ఈ రకానివే అయ్యాయి. ఏజెంటుకు ముట్టే కమీషను ఎంత పని చేస్తుందో మన వారికి వేరే చెప్పనక్కరలేదు.

మాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన బస్సు డ్రైవరు, ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేవారు. పిల్లలు ముగ్గురు. ఊళ్ళో ఉన్న అమ్మగారికి నెలనెలా డబ్బు పంపాలి. 1986లో 30 వేల పౌండ్ల అప్పుతో ఇల్లు కొన్నారు. సూద్ వ్యవహారమని ఆయన మనసు పీకుతూనే ఉండేదట. కాని ఆ రోజుల్లో సామాన్యుడికి అందే మరో దారి దాదాపు లేదు. ఖర్చులన్నీ బిగించి, పాతికేళ్ళలో ఒక్క నెల కూడా తప్పకుండా కట్టారు.

ఆ మధ్యలో ఏమి జరిగిందో చూడండి. 1988 మే నెలలో 7.5 శాతం ఉన్న అక్కడి బ్యాంకు రేటు 1989 అక్టోబరుకు దాదాపు 15 శాతానికి ఎక్కింది. 50 వేల పౌండ్ల అప్పు, 25 ఏళ్ళ గడువు అనుకుని మేము లెక్క వేసి చూశాము. 7.5 శాతం మీద వడ్డీ మాత్రమే అయితే నెలకు 312 పౌండ్లు, అసలుతో కలిపి అయితే 369. తేడా 57 పౌండ్లు. 15 శాతం మీద వడ్డీ ఒక్కటే 625, అసలుతో కలిపినా 640! రేటు మండిపోతున్న రోజుల్లో వడ్డీ మాత్రమే కట్టడం వల్ల మిగిలేది 15 పౌండ్లే. అదే రేటు 2 శాతం అయితే వడ్డీ 83, అసలుతో కలిపి 212. అంటే ఈ పద్ధతి రేటు తక్కువ ఉన్నప్పుడే ఎక్కువ ఊరిస్తుంది, కష్టకాలంలో మాత్రం అక్కరకు రాదు. 1991 ఒక్క సంవత్సరంలోనే 75 వేలకు పైగా ఇళ్ళు అప్పిచ్చినవారి స్వాధీనమయ్యాయి.

తరువాత ధరల పెరుగుదల తగ్గింది, పెట్టుబడుల రాబడి తగ్గింది, కంపెనీలు బోనసులు కోసివేశాయి. 2000 తరువాత షేర్ల బజారు మూడేళ్ళపాటు పడింది. పాలసీదారులకు ఉత్తరాలు రావడం మొదలైంది: పచ్చ ఉత్తరమైతే ఫరవాలేదు, పసుపైతే అనుమానం, ఎర్రదైతే పాలసీ అసలుకు చాలకపోయే ప్రమాదం ఎక్కువ. మోసపోయామని ఫిర్యాదు చేసుకోవడానికి ఎర్ర ఉత్తరం అందిన నాటి నుంచి మామూలుగా మూడేళ్ళ గడువు. మా డ్రైవరు గారికి వచ్చినది ఎర్రదే. ఆయన దానిని బీరువాలో పెట్టి ఊరుకున్నారు. ఇంగ్లీషు రాక కాదు, ఇంకా కట్టడానికి చేతిలో లేక. 2011లో పాలసీ పండింది. అసలుకు 8 వేల పౌండ్లు తక్కువ పడింది. ఊళ్ళో తాతల నాటి ఇంట్లో తన వాటా తమ్ముడికి రాసి ఇచ్చి, ఆ డబ్బుతో అక్కడి ఇల్లు విడిపించుకున్నారు.

ఆయనకైనా పాలసీ అంటూ ఒకటి ఉంది. వడ్డీ మీది పన్ను రాయితీ 2000లో పూర్తిగా పోయినా వడ్డీ మాత్రమే కట్టే అప్పు పోలేదు. పాలసీ కూడా లేకుండా, అసలు ఎలా తీరుస్తావని గట్టిగా అడగకుండా ఇచ్చారు. ఇళ్ళ ధరలు పెరుగుతాయి, అమ్మి తీర్చుకోవచ్చుననే ధీమా. అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2013లో లెక్క తీస్తే, 2041 లోగా గడువు తీరే ఇటువంటి తనఖాలు 26 లక్షలు తేలాయి. దాదాపు సగం మందికి చివర్లో డబ్బు చాలకపోవచ్చునని, పదిమందిలో ఒకరికి అసలు తీర్చే ఏర్పాటే లేదని తేలింది. అసలు తీర్చే నమ్మకమైన దారి చూపనిదే ఈ అప్పు ఇవ్వరాదని 2014 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టారు. 40 ఏళ్ళ వయసులో అప్పు చేసిన వారికి అప్పటికి 60 దాటుతున్నాయి.

ఒక విచిత్రం గమనించాము. పన్ను రాయితీ వడ్డీకే. ఉద్యోగం పోయి సర్కారు సాయం మీద బతికేవారికి ఇచ్చినదీ వడ్డీకే, అసలుకు పైసా లేదు. ఆ వడ్డీ సాయాన్ని కూడా 2018 ఏప్రిల్ నుంచి అప్పుగా మార్చారు. ఇల్లు అమ్మినప్పుడు తిరిగి ఇచ్చుకోవాలి.

వడ్డీ వద్దనుకునే వారి కోసం కువైట్ బ్యాంకు ఒకటి 1997లో అక్కడ ఇంటి పథకం తెచ్చింది. బ్యాంకు ఇల్లు కొని లాభం వేసి అమ్మడం దాని పద్ధతి. కొన్నప్పుడు ఒకసారి, అమ్మినప్పుడు మరోసారి స్టాంపు సుంకం పడేది. ఆ రెండో సుంకాన్ని 2003లో తొలగించారు. 2004లో బర్మింగ్‌హామ్ కేంద్రంగానే ఒక ఇస్లామిక్ బ్యాంకు వెలసింది. ఇటువంటి బ్యాంకులు తెచ్చిన భాగస్వామ్య పద్ధతిలో బ్యాంకు, కుటుంబం కలిసి ఇల్లు కొంటారు. కుటుంబం నెలనెలా అద్దె కడుతూ, బ్యాంకు వాటాను కొంచెం కొంచెంగా కొనుక్కుంటుంది. అద్దెను బజారు రేటును చూసే కడతారు కనుక నెలసరి భారం చవక అనుకోకూడదు. కాని నెల గడిచేసరికి ఇంట్లో మన వాటా పెరుగుతుంది.

2021 డిసెంబరు దాకా 0.1 శాతం ఉన్న బ్యాంకు రేటు 2023 ఆగస్టుకు 5.25కు చేరింది. కిస్తీలు కట్టలేక కుటుంబాలు గగ్గోలు పెట్టగా, ఆ జూన్‌లోనే ప్రభుత్వమూ బ్యాంకులూ ఒక ఒప్పందానికి వచ్చాయి. కోరినవారు ఆరు నెలలపాటు వడ్డీ మాత్రమే కట్టవచ్చునన్నారు. ఆ ఆరు నెలల అసలు మిగిలిన కిస్తీల మీద పడుతుంది. ఆ బస్సు డ్రైవరు గారి పెద్దబ్బాయికి కూడా ఆ వెసులుబాటు ఉన్నదని బ్యాంకు ఉత్తరం వచ్చిందట. తండ్రి చూసి, కుట్టుపని డబ్బుల్లోంచి తల్లి దాచుకున్నది తెచ్చి ఇచ్చి, ఆ ఆరు నెలలూ పూర్తి కిస్తీయే కట్టించారు.