విజయనగరం కోట, కంటోన్మెంటు

విజయనగరంలో పాతకాలపు పట్టణ నిర్మాణం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి పూసపాటి రాజుల కోట, రెండోది అక్కడికి సుమారు మైలు దూరంలో ఇంగ్లీషువారి సైన్యం కోసం వెలసిన కంటోన్మెంటు. రెంటికీ నడుమ పెద్దచెరువు ఉంది. ఊరి స్వరూపం తెలియాలంటే ముందు ఈ చెరువును చూడాలి.

కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. ఇక్కడ తపస్సు చేసుకుంటున్న ఒక ముస్లిం ఫకీరు ఈ చోటు చూపించాడని స్థానికులు చెప్పుకుంటారు. విజయనామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం, రాజు పేరు విజయరామరాజు, ఊరి పేరు విజయనగరం: ఇలా అయిదు విజయాలు కలిసివచ్చాయని ప్రతీతి. కోట చతురస్రం. ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడ ఎత్తు 10 మీటర్లు. నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం, తూర్పున నగారాఖానాతో సింహద్వారం ఉన్నాయి. పడమటి ద్వారం రాజుల సమాధుల వైపు తెరుచుకుంటుంది.

1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు మరణించాక సంస్థానం ఈస్టిండియా కుంపిణీ అదుపులోకి వచ్చింది. కంటోన్మెంటు ఆ పాలన నాటిది. ఉత్తరానికి మెల్లగా వాలిన నేల మీద, కంచెలు వేసిన విశాలమైన ఆవరణల్లో బంగళాలు కట్టారు. కోట చుట్టూ ఇరుకు వీధులు అల్లుకుంటే, ఇక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ జాగా, చెట్లు మిగిలాయి. సైన్యం వెళ్లిపోయినా పేరు నిలిచింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. కలెక్టరేటు ఉన్నదీ ఈ కంటోన్మెంటులోనే.

పెద్దచెరువు రెండు పేటలనూ విడదీసే నీటి మడుగు మాత్రమే కాదు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం తర్వాత విజయనగరం రాజు చెల్లెలు పైడితల్లి మరణించి అమ్మవారయిందని, ఆ అమ్మవారి విగ్రహం ఈ చెరువులోనే దొరికిందని జనం నమ్ముతారు. ఆమెకు రైల్వే స్టేషను ఎదుట వనంగుడి, మూడు లాంతర్ల కూడలి దగ్గర చదురుగుడి వెలిశాయి. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. సిరిమాను అనే ఆ మాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. కోటకు, ఊరికి ఉన్న బంధం చూడాలంటే ఆ రోజుకు మించినది లేదు.

19వ శతాబ్దంలో రాజులు చదువులకు, కట్టడాలకు ధారాళంగా ఖర్చుపెట్టారు. 1857లో మొదలైన బడి 1879లో మహారాజా కళాశాల అయింది. 1885లో సుమారు 68 అడుగుల ఎత్తున ఎనిమిది పలకల గంటస్తంభం లేచింది. 1888లో పురపాలక సంఘం ఏర్పడింది. 1901 జనాభా లెక్కల్లో ఊరిలో 37,270 మంది ఉన్నారు. 1919లో పెట్టిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు.

కట్టడాల్లో తప్పక చూడాల్సినది పూల్‌బాగ్ ప్యాలెసు పక్కనున్న ఔద్‌ఖానా. అది రాజు స్నానశాల. సుమారు 50 అడుగుల ఎత్తున్న ఎనిమిది పలకల రాతి కట్టడం. మెలితిరిగిన మెట్లు పైనున్న నీటి తొట్టి దాకా వెళతాయి. నీటిని అంత ఎత్తున నిలిపి స్నానానికి వాడుకోవాలన్న ఆలోచన ఆ కట్టడాన్ని అలంకారాల కన్నా ఎక్కువగా గుర్తుంచుకునేలా చేస్తుంది.

ఊరి వెలుపలి భవనాలకు తోటలే ప్రాణం. కోరుకొండ ప్యాలెసును పూసపాటి వంశీకుడు పి.వి.జి. రాజు విద్యకు ఇవ్వగా 1962 జనవరి 18న అందులో సైనిక పాఠశాల మొదలైంది. దాని ఆవరణ 200 ఎకరాలకు పైమాటే. తోటల నడుమ రాజ అతిథిగృహంగా వెలిగిన అలకనంద భవనం పోలీసు బెటాలియన్‌కు చేరింది. ఇక ఊరిలోని కోటను 1958లో ఏర్పడిన మాన్సాస్ ట్రస్టుకు అప్పగించారు. లోపల కళాశాలలు నడుస్తున్నాయి.

అన్నిటికీ ఈ అదృష్టం దక్కలేదు. కోటలో 1869లో కట్టిన దర్బారు మందిరం మోతీమహల్ నేలమట్టమైంది. 2020లో మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చినప్పుడు పట్టణమంతా కలవరపడింది. పిల్లలు చదువుకుంటున్న చోట, కార్యాలయం నడుస్తున్న చోట పాత గోడ నిలిచింది. పనిలేక మిగిలిన కట్టడానికే ముప్పు ఎక్కువ. మిగిలిన వాటికైనా ఉపయోగం చూపించి కాపాడటం పురపాలక సంఘం, పట్టణ ప్రజలు కలిసి చేయాల్సిన పని.